బండి నిలవని చోట భవనమూ నిలవదు

మన పల్లెల్లో హోటలంటే పొద్దున్నే ఇడ్లీ, దోసె దొరికే చోటు. రాత్రి బస చేయాలంటే సత్రమో, లాడ్జో చూసుకోవాలి. అయితే ఇంగ్లండు, స్కాట్లండులలో నూటయాభై ఏళ్ల కిందట రైలు కంపెనీలు కట్టించిన హోటళ్ల సంగతి వేరు. అవి రాజభవనాల్లాంటివి. స్టేషన్‌కు ముందు భాగమే హోటల్. బండి దిగిన ప్రయాణికుడు వీధిలోకి పోకుండానే హోటల్లోకి వెళ్లి, స్నానం చేసి, భోంచేసి, పడుకుని, మరునాడు తన బండి ఎక్కి పోయేవాడు. అటువంటిది ఒకటి స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఉండేది. పేరు సెయింట్ ఎనాక్ హోటల్. 1879లో తెరిచారు, 1977లో పడగొట్టారు. రైలుకట్ట పక్కన బతికే మన కడప ప్రాంతపు పల్లెల వారు దాని కథ తెలుసుకోవడం మంచిదని ఈ విలేకరి అభిప్రాయం. పడగొట్టిన తీరు చూస్తే, ఆ హోటల్‌కు ఆయువు తీరింది గోడలు కూలిన నాడు కాదు, అక్కడికి రైళ్లు రావడం మానిన నాడు అని తెలుస్తుంది. ఆ రెండింటికీ మధ్య పదకొండేళ్ల వ్యవధి ఉంది.

గ్లాస్గో మనకు బొత్తిగా సంబంధం లేని ఊరు కాదు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఆ నగరంలోని స్ప్రింగ్‌బర్న్ పేటలో తయారైన ఇంజన్లు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి. అక్కడి మూడు పెద్ద ఇంజన్ కంపెనీలు 1903లో కలిసి నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీగా ఏర్పడ్డాయి. స్వాతంత్య్రం వచ్చాక మనవాళ్లు తెప్పించిన డబ్ల్యూజీ రకం గూడ్సు ఇంజన్లు కూడా 1950లో మొదట అక్కడే తయారయ్యాయి. తర్వాతే చిత్తరంజన్‌లో తయారీ మొదలైంది. ఇంజన్ పక్కన బిగించిన పలక మీద గ్లాస్గో అన్న పేరు చదివిన పాత డ్రైవర్లు, ఫైర్‌మన్లు మన దారిలోనూ ఉంటారు. మనకు ఇంజన్లు పంపిన ఆ కంపెనీ 1962లో మూతబడింది. అదీ పోయింది, హోటలూ పోయింది.

క్లైడ్ నది ఒడ్డున ఓడల తయారీ, ఇనుము, నూలు వ్యాపారాలతో బలిసిన నగరం గ్లాస్గో. నది దాటించి నగరం నడిబొడ్డుకు రైలును తెచ్చి, 1876 మే 1న సెయింట్ ఎనాక్ స్టేషన్ ప్రారంభించారు. ఆ ఏడాదే యువరాజు దంపతులు వచ్చి లాంఛనంగా ప్రారంభోత్సవం కూడా చేశారు. పట్టాలన్నిటి మీదా మధ్యలో స్తంభం లేకుండా ఇనుము, అద్దాలతో ఒకే కమాను కప్పు వేశారు. మూడేళ్ల తర్వాత స్టేషన్ ముందు ఇసుకరాతి హోటల్ లేచింది. రెండువందలకు పైగా పడక గదులు. ఆనాటికి స్కాట్లండులో అంత పెద్ద హోటల్ మరొకటి లేదు. గుర్రపు బగ్గీలు వాకిలి దాకా ఎక్కి పోవడానికి ఏటవాలు దారి వేశారు. గ్లాస్గో జనం మొట్టమొదట కరెంటు దీపాల వెలుగు చూసిన చోట్లలో ఈ స్టేషన్ ఒకటి. మన పల్లెల్లో చాలా వాటికి ఆ వెలుగు రావడానికి ఇంకో ఎనభై, తొంభై ఏళ్లు పట్టింది.

పేరు గురించి ఒక మాట. ఎనాక్ అన్నది మగవాడి పేరులా వినబడుతుంది గాని, నిజానికి ఆ చోటు ఒక తల్లిది. గ్లాస్గో నగరానికి రక్షకుడని క్రైస్తవులు భావించే సెయింట్ మంగో అనే సాధువు తల్లి పేరు టెన్యూ. పెళ్లి కాకుండా కడుపుతో ఉందని ఆమెను కొండ మీద నుంచి తోయించారనీ, చావకపోతే తెప్పలో పెట్టి సముద్రంలో వదిలారనీ, ఒడ్డు చేరి ఈ బిడ్డను కన్నదనీ అక్కడి గాథ. జనం నోళ్లలో నాని సెయింట్ టెన్యూ కాస్తా సెయింట్ ఎనాక్ అయింది. రైలు వారి బోర్డు మీద ఎక్కిన తర్వాత ఇక ఆ పేరు మారలేదు. ఇది మనకు వింతేమీ కాదు. మన కోడూరుకు రైల్వే అన్నది ఇంటిపేరుగా అతుక్కుపోలేదా!

కరువు నాటి కట్టడం

ఆ స్టేషన్, హోటల్ కట్టిన ఏళ్లను మన వాళ్లు ఇంకో లెక్కలో గుర్తుంచుకున్నారు. 1876 అంటే ధాత నామ సంవత్సరం. మన పెద్దల నోట ధాత కరువు అని వినబడేది ఆనాటిదే. మద్రాసు రాజధానిలో వానలు పోయి, 1878 దాకా కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు మాడిపోయాయి. లక్షల మంది చనిపోయారు. కరువు పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను గింజలు చాలునని దొరతనం వారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. అప్పటికే మన జిల్లాలో రైలు ఉంది. మద్రాసు రైల్వే వారి దారి 1871 నాటికే రేణిగుంట, కడప, గుత్తి మీదుగా రాయచూరు చేరింది. ఆ కంపెనీ వాటాదారులకు నూటికి ఐదు వంతున వడ్డీ ముట్టేటట్టు ప్రభుత్వం హామీ ఇచ్చింది. రైలుకు రాబడి చాలకపోతే మన పన్నుల్లోంచి పూరించేవారు. గ్లాస్గో హోటల్‌ను మన డబ్బుతో కట్టారని నేను అనడం లేదు. ఆ కంపెనీ వేరు, ఈ కంపెనీ వేరు. కాని ఒకే కాలంలో ఒకే రాణి ఏలుబడిలో అక్కడ రెండువందల గదుల హోటల్ లేవడమూ, ఇక్కడ రైలుకట్ట పక్కన కూలీలు పౌను గింజలకు మట్టి మోయడమూ జరిగాయి. విక్టోరియా కాలపు వైభవం అని పుస్తకాల్లో చదివేటప్పుడు మన వాళ్లు ఈ రెండో సగాన్ని కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

అక్కడి మామూలు జనానికి కూడా అది సుఖమైన కాలమేమీ కాదు. హోటల్ తెరవడానికి కొన్ని నెలల ముందు, 1878 అక్టోబరులో, సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు దివాలా తీసింది. బ్యాంకు అప్పులకు వాటాదారులే పూచీ కాబట్టి, నాలుగు వాటాలు ఉన్న పాపానికి ఇళ్లు, వాకిళ్లు అమ్ముకున్న కుటుంబాలు ఎన్నో. డైరెక్టర్లు జైలుకు పోయారు.

రైలు కంపెనీ హోటల్ ఎందుకు కట్టింది? దయతో కాదు, పోటీతో. గ్లాస్గోలో మూడు రైలు కంపెనీలు, నాలుగు పెద్ద స్టేషన్లు. ఒకరు హోటల్ కడితే మరొకరు ఊరుకోరు. సెయింట్ ఎనాక్‌కు నాలుగు అడుగుల దూరంలోనే కాలెడోనియన్ కంపెనీ వారు సెంట్రల్ హోటల్‌ను 1883లో తెరిచారు. ఎవరి బండిలో వచ్చినవారు వారి హోటల్లో దిగుతారని లెక్క. సెయింట్ ఎనాక్ నుంచి బండ్లు కిల్మార్నక్, డంఫ్రీస్, కార్లైల్ మీదుగా లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కు పోయేవి. అక్కడా స్టేషన్ ముందు అటువంటిదే ఒక మహా హోటల్, 1873లో తెరిచింది. ఒకే దారికి ఈ కొసన ఒక హోటల్, ఆ కొసన ఒక హోటల్. పేరు కోసం కట్టారు, లాభం కోసం కట్టారు. పోర్టర్లు, వంటవాళ్లు, చాకలివాళ్లు, బొగ్గు మోసేవాళ్లు, పడక గదులు ఊడ్చే ఆడవాళ్లు కలిసి దాన్ని నడిపారు. గది గదికీ పొయ్యి, పొయ్యి పొయ్యికీ బొగ్గు. ఎన్ని మెట్లు ఎక్కి దిగి ఉంటారో ఆలోచించండి. వారి పేర్లు ఏ పలక మీదా లేవు.

మొదట పోయింది బండి

1923లో చిన్న కంపెనీలన్నీ నాలుగు పెద్ద కంపెనీల్లో కలిసిపోయాయి. 1948లో రైళ్లతో పాటు రైలు హోటళ్లు కూడా ప్రభుత్వపరం అయ్యాయి. అప్పటికి కార్లు, బస్సులు పెరిగాయి. రైలు శాఖకు నష్టాలు పెరిగాయి. 1963లో బీచింగ్ అనే పెద్దమనిషి ఒక నివేదిక ఇచ్చాడు. రెండువేల మూడువందలకు పైగా స్టేషన్లు, సుమారు అయిదువేల మైళ్ల దారులు మూసేస్తే గాని లెక్క సరిపోదని అందులో తేల్చాడు. ఆయన రైల్వే మనిషి కాడు, రసాయనాల కంపెనీ నుంచి వచ్చినవాడు. గ్లాస్గోకు నాలుగు పెద్ద స్టేషన్లు ఎందుకు, రెండు చాలు అన్న లెక్కలో 1966 జూన్ 27న సెయింట్ ఎనాక్ స్టేషన్ మూసేశారు. బండ్లను సెంట్రల్ స్టేషన్‌కు మళ్లించారు.

న్యాయంగా చెప్పాలంటే, ఆ మూతవల్ల ప్రయాణికులకు కొంపలేమీ మునగలేదు. సెంట్రల్ స్టేషన్ నడిచి పోయేటంత దగ్గర. అందుకే పెద్దగా గొడవ జరగలేదు. హోటల్ ఉంది కదా, భవనం నిలిచే ఉంది కదా అని జనం సరిపెట్టుకున్నారు. అసలు పొరపాటు అక్కడే జరిగిందని నా వాదన. రైళ్లు నిలిచిన కమాను కింద కార్లు నిలిపారు. రోజూ వేలాది మంది దిగి నడిచిన చోట కార్ల యజమానులు తప్ప వచ్చేవారు లేరు. స్టేషన్ లేని స్టేషన్ హోటల్ ఎనిమిదేళ్లు ఈడ్చింది. ఈలోగా 1971లో హోటళ్లలో అగ్ని ప్రమాదాల నివారణకు గట్టి చట్టం వచ్చింది. పాత హోటళ్లు మెట్లు, తలుపులు మార్చుకోవలసి వచ్చింది. రాబడి ఉన్నవాళ్లు ఖర్చు పెట్టుకున్నారు. బండ్లు లేని హోటల్ మీద ఎవరు పెడతారు? 1974లో మూతబడింది. 1977లో స్టేషన్ కమానులతో సహా మొత్తం నేలమట్టం చేశారు. అప్పుడు నిరసనలు లేచాయి, పత్రికల్లో రాశారు. అప్పటికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

ఆ శిథిలాలు ఎక్కడికి పోయాయో చూడండి. గ్లాస్గోలో ఓడల రాకపోకలు తగ్గి, క్వీన్స్ డాక్ అనే రేవు 1969లో మూతబడి ఉంది. హోటల్ రాళ్లను బండ్లలో తోలి ఆ రేవును పూడ్చారు. పోయిన రైలు రాళ్లతో పోయిన ఓడ రేవును నింపారన్న మాట. ఆ పూడిక మీద 1985లో పెద్ద ప్రదర్శనశాల కట్టారు. ఈనాడు అక్కడ సంగీత కచేరీలకు వచ్చే కుర్రవాళ్లలో తమ కాళ్ల కింద ఒక హోటల్ ఉందని ఎందరికి తెలుసో! స్టేషన్ గడియారం ఒక్కటి బతికిపోయింది. దాన్ని కంబర్‌నాల్డ్ అనే కొత్త పట్టణానికి ఇచ్చారు. అక్కడి టౌన్ సెంటర్‌లో వేలాడదీశారు. తర్వాత ఒక సినిమాలో కూడా కనిపించింది. ఆ టౌన్ సెంటర్‌ను కూడా కూల్చి కొత్తది కడతామని 2022లో అక్కడి కౌన్సిల్ వారు ప్రకటించారు. గడియారానికి ఇంకో ఇల్లు వెతకాలి కాబోలు.

హోటల్ పడగొట్టిన స్థలం చాలా కాలం కార్లు నిలిపే బయలుగా ఉండి, 1989లో అద్దాల కప్పుతో బజారు భవనం అయింది. దాన్ని చూసి మొదట గొప్పగా చెప్పుకున్నారు. ఈ పదేళ్లలో దాన్ని కూడా విప్పేసి వేరే కట్టడాలు కట్టాలని యజమానులు ప్రణాళిక బయట పెట్టారు. రాతి హోటల్ తొంభై ఎనిమిదేళ్లు నిలిచింది. అద్దాల బజారుకు నలభై ఏళ్లు నిండక ముందే కాలం చెల్లిందంటున్నారు. సెయింట్ ఎనాక్ పేరుతో మిగిలిన పాత కట్టడం ఒక్కటే. 1896లో సొరంగం రైలు కోసం కట్టిన చిన్న ఎర్రరాతి బుకింగ్ ఆఫీసు. అందులో ఇప్పుడు కాఫీ అమ్ముతున్నారు. దాని కింద సొరంగం రైలు నేటికీ నడుస్తోంది. నడుస్తోంది కనుకనే ఆ చిన్న కట్టడాన్ని ఎవరూ ముట్టుకోలేదని నేననుకుంటాను.

ఇదే దారికి అవతలి కొసన ఉన్న లండన్ సెయింట్ పాంక్రాస్ హోటల్ సంగతి చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. ఆ హోటల్ 1935లోనే మూతబడింది. రైల్వే ఆఫీసులుగా వాడారు. 1960లలో దాన్నీ పడగొట్టాలని చూశారు. 1967లో కాపాడవలసిన కట్టడాల జాబితాలో మొదటి తరగతిలో చేర్చారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ స్టేషన్‌కు బండ్లు రావడం మానలేదు. 2007 నుంచి పారిస్ పోయే రైళ్లు కూడా అక్కడి నుంచే బయలుదేరుతున్నాయి. 2011లో హోటల్ మళ్లీ తెరిచారు. గ్లాస్గోలోనే సెంట్రల్ స్టేషన్ మీది హోటల్ కూడా బండ్ల పుణ్యమా అని నేటికీ నడుస్తోంది. 1927లో లండన్ నుంచి టెలిఫోన్ తీగ మీద పంపిన టెలివిజన్ బొమ్మను బెయిర్డ్ చూపించింది ఆ హోటల్లోనే. మూడు హోటళ్లలో బండ్లు పోయిన హోటల్ ఒక్కటే నేల పాలైంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి ఉంది, దాచడం న్యాయం కాదు. ఈ రైలు కంపెనీ వారే సముద్రపు ఒడ్డున టర్న్‌బెరీ అనే చోట 1906లో ఇంకో హోటల్ కట్టారు. ఆ చోటికి రైలు ఎప్పుడో పోయింది, హోటల్ మాత్రం నిలిచింది. ఎలాగంటే గోల్ఫ్ ఆటకు కార్లలో వచ్చే డబ్బున్నవాళ్ల వల్ల. 2014లో దాన్ని కొన్నది డొనాల్డ్ ట్రంప్. డబ్బున్నవాళ్లు కోరుకునే చోటు బండి లేకపోయినా బతుకుతుంది. మన ఊరి స్టేషన్‌కు అటువంటి యోగం ఉందా?

మన దారిలో

ఇప్పుడు మన దారికి వద్దాం. రేణిగుంట నుంచి గుంతకల్లు దాకా ఉన్న ఈ కట్ట మీద రైలు హోటళ్లు లేవు, ఉండవలసిన పనీ లేదు. ఉన్నవి బుకింగ్ కిటికీ, నాలుగు బల్లలు, ఒక వేపచెట్టు, నీళ్ల కుళాయి ఉన్న చిన్న స్టేషన్లు. కూరగాయల గంప, ఆకుల మోపు, ఆసుపత్రి చీటీ పట్టుకుని ఎక్కేవాళ్ల స్టేషన్లు. పోగొట్టుకోవడం అంటే ఏమిటో నందలూరు వారిని అడగండి. చెయ్యేరు ఒడ్డున ఉన్న ఆవిరి ఇంజన్ల షెడ్డు ఆ ఊరికి అన్నం పెట్టింది. డీజిల్, కరెంటు ఇంజన్లు వచ్చాక షెడ్డు మూతబడింది. క్వార్టర్లు బోసిపోయాయి. ఆ స్థలంలో మరో పరిశ్రమ పెట్టాలన్న కోరిక ప్రతి ఎన్నికలకూ లేస్తుంది, ఎన్నికలతోనే కూర్చుంటుంది. ఆవిరి ఇంజన్ పోవడాన్ని ఎవరూ ఆపలేరు, ఆపాలని కోరడం తెలివి కాదు. కాని షెడ్డు పోతే ఊరికి ఏమి ఇస్తారన్న మాట, షెడ్డులో ఇంకా పొగ లేస్తున్నప్పుడే తేల్చుకుని ఉండవలసింది.

ఇప్పుడు అదే ఘట్టం చిన్న స్టేషన్లకు వచ్చింది. 2020లో కరోనా వల్ల ప్యాసింజర్ బండ్లు దేశమంతటా ఆగాయి. తిరిగి నడిపినప్పుడు చాలా వాటిని ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అన్నారు, కనీస చార్జీ పది రూపాయలను ముప్పై చేశారు. 2024 ఫిబ్రవరిలో గాని పాత చార్జీ తిరిగి రాలేదు. ఆ నాలుగేళ్లలో ఎందరో ఆటోలకు, బస్సులకు అలవాటు పడిపోయారు. దేశంలో కొన్ని చిన్న స్టేషన్లలో నిలుపుదలలు మళ్లీ రాలేదు కూడా. ఇంకోవైపు అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టు 6న ఒక్కరోజే 508 స్టేషన్ల ముస్తాబుకు శంకుస్థాపన చేశారు. పెద్ద స్టేషన్లకు లిఫ్టులు, కొత్త ముఖద్వారాలు వస్తే సంతోషమే, ముసలివారికి మేలే. కాని ముస్తాబును చూసి మురిసేవారు, తమ స్టేషన్‌లో నిలిచే బండ్లెన్నో కూడా లెక్క పెట్టుకోవాలి. గ్లాస్గో వారు గోడలను చూసి ధైర్యంగా ఉండి, టైం టేబుల్ చూడలేదు.

కాబట్టి పంచాయతీల వారికి, యువజన సంఘాల వారికి నేను చెప్పేది ఇది. స్టేషన్ మూస్తున్నారని తెలిసిన రోజు ధర్నా చేస్తే అది 1977 నాటి నిరసనే. మీ స్టేషన్‌లో ఒక బండి నిలవడం మానిన వారంలోపే గ్రామసభలో తీర్మానం చేసి గుంతకల్లు డివిజనల్ రైల్వే మేనేజర్‌కు పంపండి. మా ఊరికి అన్యాయం జరిగింది అని మాత్రమే రాస్తే అర్జీ మూలన పడుతుంది. ఆ బండిలో బడి పిల్లలు ఎందరు పోతున్నారు, సంతకు ఎందరు, ఆసుపత్రికి ఎందరు, అదే దూరానికి ఆటో ఎంత అడుగుతోంది అని ఇల్లిల్లూ తిరిగి లెక్క రాయండి. టికెట్ల అమ్మకం తక్కువని జవాబు వస్తే, ఆ లెక్కనే అడగండి. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. నెలవారీగా అడగండి, కరోనాకు ముందు సంవత్సరం లెక్క కూడా అడగండి. దరఖాస్తు తెలుగులో రాయవచ్చు. నకలు ఒకటి పంచాయతీ ఆఫీసులో ఉంచండి, సర్పంచులు మారినా కాగితం ఉంటుంది. టికెట్ కొనకుండా బండెక్కే అలవాటు ఉన్నవారు అది మానండి. ఆ పది రూపాయలు మిగుల్చుకున్న ప్రతిసారీ మీ ఊరి లెక్కలో ఒక ప్రయాణికుడు తగ్గుతున్నాడు.